బీరువా అద్దంలో మామయ్య ముక్కలు

దేవరకొండలో మా అమ్మమ్మ ఇంటి ముందుగదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. దాని తలుపుకు నిలువుటద్దం. 1994 దీపావళి రాత్రి టపాకాయలు కాల్చడం అయ్యాక, ఏటా లాగే చాప పరిచి మూడు ముక్కలాటకు కూర్చున్నాం. మామయ్య ఆ బీరువా ముందు, నేను ఆయనకు ఎదురుగా. ఆయనకు చత్వారం. ముక్కలను వెలుతురు కోసం భుజం పక్కకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. మూడో ఆటకో నాలుగో ఆటకో గమనించాను, ఆ మూడు ముక్కలూ అద్దంలో నాకు నిక్షేపంగా కనబడుతున్నాయి.

పదిహేనేళ్ల వయసు. ఆ రాత్రి మామయ్య జేబు ఖాళీ అనుకున్నాను. తీరా పడుకునే ముందు లెక్కపెట్టుకుంటే నాకు మిగిలింది 11 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ప్రస్తారాలు, సంయోగాలు చెబుతాను. 52 ముక్కల్లోంచి మూడింటిని 22,100 రకాలుగా తీయవచ్చు. వాటిలో 16,440 రకాలు పనికిమాలినవే, కనీసం జత కూడా ఉండదు. ఇద్దరికీ జతో అంతకంటే మంచివో పడటం సుమారు పదిహేను ఆటలకు ఒకసారి. అందులోనూ నాది పైచేయి కావాలంటే ముప్పైకి ఒకసారి. మామయ్యకు మంచివి పడితే నేను ప్యాక్, అంటే ముక్కలు పడేసి తప్పుకోవడమే. నాకు మంచివి, ఆయనకు చెత్త పడితే ఆయన ప్యాక్. ఇక పెద్ద డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

వచ్చిందంతా చెత్త ముక్కలతోనే. ఆయన చేతిలో రాణి తప్ప ఏమీ ఉండదు, నా చేతిలో అదీ ఉండదు. అయినా నేను నదురూ బెదురూ లేకుండా పెంచుకుంటూ పోతే ఆయన ముక్కలు కింద పడేసేవాడు. అలా పావలాలు, అర్ధరూపాయలు పోగేసుకుని ముప్పై దాటించాను. ఆ ఊపులో ఒకసారి ఉత్త జాకీ పెట్టుకుని షో అడిగాను, అంటే ఇద్దరి ముక్కలూ తెరిచి చూద్దామన్నాను. ఆయనకు పడిన పెద్ద ముక్క పది.

“జాకీతో షో అడిగావా?” అంది పిన్ని. చాప మీద అందరూ నన్నే చూశారు.

ఈ జాకీ సంగతి 2007లో మళ్లీ గుర్తొచ్చింది. పోకర్ అనే పేకాటను డబ్బు పెట్టి ఆడే ఆబ్సొల్యూట్ పోకర్ వెబ్‌సైట్లో పాట్‌రిప్పర్ అన్న ఖాతాదారు ఒక పోటీ గెలిచాడు. అందరి ముక్కలూ అతనికి కనబడుతున్నాయని తర్వాత బయటపడింది. చివరి ఆటలో అవతలివాడు ఉన్నదంతా ఒడ్డితే, ఇతను జత కూడా లేకుండా ఉత్త పదితో సై అన్నాడు, గెలిచాడు. బుద్ధి ఉన్నవాడెవడూ అక్కడ సై అనడు. ఓడినవాడు ఆటల వివరాలు అడిగితే, ఆ సంస్థ పంపిన ఫైల్లో అందరి ముక్కలూ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు దొంగ దొరికిపోయాడు. మధ్యమధ్యలో కావాలని నాలుగు ఆటలు ఓడి ఉంటే ఎన్నాళ్లు నడిచేదో. అంత ఓపిక ఉన్నవాడు తొంగిచూడటానికి ఎందుకు పోతాడు లెండి.

పైగా పోకర్‌లో మా అద్దానికి అంత శక్తి ఉండదు. హోల్డెమ్ అనే పోకర్ రకంలో చేతికి రెండు ముక్కలే, మిగతా ఐదూ బల్ల మీద తర్వాత తెరుస్తారు. నా దగ్గర రెండు ఆసులు, అతని దగ్గర రెండు రాజులు అని ముందే తెలిసినా వందకు పద్దెనిమిది సార్లు నేనే ఓడతాను. కట్టలో ఏముందో అద్దం చెప్పదు కదా. ఐదో ముక్క పడ్డాకే చూసినవాడి రాజ్యం. కుండలో, అంటే మధ్యలో పోగైన పందెంలో, వంద ఉంది, అతను మరో వంద పెట్టాడనుకోండి. నేను వంద పెడితే రెండొందలు రావచ్చు, అంటే మూడింట ఒకసారి గెలిస్తే చాలు నష్టం లేదు. మామూలువాడు ఆ మూడో వంతు దగ్గరే జుట్టు పీక్కుంటాడు. ముక్కలు కనబడేవాడికి ఆ బాధే లేదు.

(డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మన తెలంగాణలో 2017 నుంచి నిషేధం. నాది కాగితం మీద లెక్కే. దీపావళి మర్నాడు జిల్లా పేజీలో వచ్చే “పేకాట స్థావరంపై దాడి” వార్తలో నా పేరు వెతకనక్కర్లేదు.)

మామయ్య మాత్రం పిన్నిలా ఏమీ అనలేదు. ఒకసారి మెడ తిప్పి వెనక్కి చూశాడు, మళ్లీ నావైపు చూశాడు. అక్కడినుంచి కదలను కూడా లేదు. తర్వాతి ఆట పంచగానే ముక్కలు ఎత్తకుండా వాటి మీద అరచెయ్యి పెట్టి, “బ్లైండ్” అని అర్ధరూపాయి వేశాడు.

తన ముక్కలు చూసి ఆడేవాడు రెట్టింపు వెయ్యాలి. నేను రూపాయి వేశాను. ఆయన మళ్లీ అర్ధరూపాయి. తన ముక్కలు చూసినవాడు బ్లైండ్ ఆడేవాణ్ని షో అడగకూడదని మా ఇంటి పద్ధతి. అద్దంలో మామయ్య బట్టతల తప్ప ఏమీ లేదు. ఆయన ముక్కలేమిటో ఆయనకే తెలియనప్పుడు నేను ఎక్కడ తొంగిచూడాలి? పోగేసిన ముప్పైలో చాలా భాగం ఆ గంటలోనే తిరిగి ఆయన ముందుకు చేరింది.

అమ్మమ్మ పోయాక ఆ బీరువా మా ఇంటికి వచ్చింది. దసరాకో దీపావళికో మామయ్య వస్తే, పెద్దాయన కదా అని కుర్చీ వేస్తాం. ఆయన వద్దని, వెళ్లి బీరువా ముందే చాప మీద కూర్చుంటాడు. “పంచు అల్లుడా” అంటాడు, అరచెయ్యి ముందే చాప మీద ఆనించి.