నవ్వాల్సిన చోట నవ్వలేక

మా గోదాములో నాకంటే చాలా సీనియర్ అయిన ఒకాయన, లండన్ ఆగ్నేయ మూలన డెట్‌ఫర్డ్‌లో పుట్టి పెరిగినవాడు, మొన్న టీ వేళ తన భార్య ఇల్లు విడిచి వెళ్లిపోయిన సంగతి చెప్పాడు. ఆమె కుక్కనూ కెటిల్‌నూ పట్టుకుపోయిందట. కుక్క పోతే పోయింది గానీ కెటిల్ కొత్తదని ఆయన అనగానే అందరూ పడిపడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. షిఫ్ట్ అయ్యాక పక్కకు పిలిచి, భోజనం సంగతి ఏం చేస్తున్నారు, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు అని అడిగాను. ఆయన ముఖం ముడుచుకుని, "అందరితో పాటు నువ్వూ నవ్వి ఊరుకుంటే బాగుండేది" అనేసి వెళ్లిపోయాడు.

అడగడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. అలాంటి మాట విని ఊరుకున్నవాణ్ణి మన వైపు ఏమంటారో మీకు తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. మర్నాడు ఆయనే ఏమీ జరగనట్టు వచ్చి, స్క్వీజ్ బృందం పాటలు వింటే ఇక్కడి మనుషులు కొంత అర్థమవుతారని సలహా ఇచ్చాడు. డెబ్బైకి అటూ ఇటూ ఉన్న ఆ గాయకులను "మా పేట కుర్రాళ్లు" అన్నాడు.

1973లో క్రిస్ డిఫర్డ్ గిటారు వాయించేవాడు కావాలని మిఠాయి దుకాణం కిటికీలో చీటీ పెడితే, దాన్ని చూసి వచ్చినవాడు గ్లెన్ టిల్‌బ్రూక్ ఒక్కడేనట. అప్పటి నుంచి మాటలు డిఫర్డ్‌వి, బాణీలు టిల్‌బ్రూక్‌వి. డెట్‌ఫర్డ్, గ్రీనిచ్ పబ్బుల్లో వాయిస్తూ ఎదిగిన బృందం కనుక, పక్క బల్ల దగ్గర ఎవరో తన కథ తానే చెప్పుకుంటున్నట్టుగా ఆ పాటలు సాగుతాయి. 1979లో బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 2వ స్థానానికి చేరిన 'అప్ ద జంక్షన్' నన్ను చాలా రోజులు వెంటాడింది. లండన్‌లోని క్లాపమ్ అమ్మాయితో పరిచయం, అద్దె గది, కొత్త ఉద్యోగం, బిడ్డ పుట్టడం, తాగుడు, పందేలు, చివరికి ఆమె బిడ్డతో సహా ఒక సైనికుడి దగ్గరకు వెళ్లిపోవడం, ఇదంతా మూడు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. పల్లవి లేదు, పాట పేరు ఆఖరి పంక్తిలో తప్ప ఎక్కడా వినిపించదు. ప్రాసలు ఎంత చమత్కారంగా పడతాయంటే, ఒక సంసారం కూలిపోయిందని గ్రహించేలోగా పాట ముగుస్తుంది.

బుర్రకథలోనూ హాస్యం ఉంటుంది. కానీ అక్కడ నవ్వించే పని పక్కనున్న వంతగాడిది, కనుక కథకుడు కావలసినంత సేపు ఏడవగలడు. ఇక్కడ ఏడ్చే మనిషే తనకు తాను వంతపాడుకోవాలి. ఇది సంస్కారమా, ఎదుటివారిని గుమ్మం దగ్గరే ఆపే ఉపాయమా అని నేను నైట్ షిఫ్టుల్లో పెట్టెలు సర్దుతూ ఎంతో ఆలోచించాను. రెండోదేనని తేల్చుకోబోతుండగా 2016 జనవరి నాటి సంగతి ఒకటి తెలిసింది. పాత కౌన్సిల్ పేటలను, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ల సముదాయాలను, పడగొట్టి కట్టే పథకం గురించి చెప్పడానికి అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ బీబీసీ ఆదివారం కార్యక్రమానికి వచ్చాడు. అదే స్టూడియోలో పాడిన స్క్వీజ్ తమ పాటలో మాటలు మార్చి, తాము కౌన్సిల్ ఇళ్లలో పెరిగినవాళ్లమనీ, సంక్షేమ రాజ్యాన్ని కూల్చడానికి కొందరు కంకణం కట్టుకున్నారనీ ఆయన ఎదుటే, గొంతు పెంచకుండా పాడేశారు. మనవాళ్లయితే ముందు రోజే ప్రెస్ మీట్ పెట్టేవారు. ఆ ఒక్క విషయంలో వీళ్లకు నమస్కారం పెట్టక తప్పదు.

వీళ్లదే మరో పాట 'లేబెల్డ్ విత్ లవ్' విషయంలో మాత్రం నా పేచీ నాకుంది. యుద్ధకాలంలో అమెరికన్ పైలట్‌ను పెళ్లాడి టెక్సస్ వెళ్లి, అతను పోయాక ఒంటరిగా తిరిగి వచ్చి, విస్కీ సీసాతో రోజులు గడుపుతున్న ముసలామె కథ అది. 1981లో బ్రిటన్‌లో 4వ స్థానానికి ఎక్కింది. పబ్బులో ఎవరు ఎత్తుకున్నా జనమంతా ఆనందంగా గొంతు కలుపుతారు. నేనూ బాణీకి తల ఊపుతాను, కానీ ఆవిడకు పక్కింటివాళ్లంటూ ఎవరూ లేరా, ఒక్కరైనా వెళ్లి తలుపు తట్టలేదా అని ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.