బియ్యంలోనూ గడ్డిలోనూ ఒకటే గ్లూకోజ్, ముడి వేరు

కోతలయ్యాక ధాన్యం బస్తాల్లోకీ, గడ్డి వాములోకీ పోతాయి. గింజలో ఉండే పిండిపదార్థమూ, గడ్డిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే సెల్యులోజూ పూర్తిగా గ్లూకోజ్‌తో కట్టినవే. ఒక గ్లూకోజ్ మొదటి కార్బన్, పక్కదాని నాలుగో కార్బన్‌తో ముడిపడుతుంది. ఆ ముడి పిండిలో ఆల్ఫా రకం, గడ్డిలో బీటా రకం. ఒకటి పిండి, ఒకటి పీచు అని విడివిడిగా చదువుకోవడంతో అసలు సంగతి మరుగున పడిపోతోంది.

ఆల్ఫా ముడితో గొలుసు మెలితిరుగుతుంది. మన లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైమ్ ఈ ముడినే కోయగలదు. గింజలో ఇలాంటి గొలుసులు రెండు రకాలు. ఎమైలోజ్‌కి కొమ్మలు దాదాపు ఉండవు. ఎమైలోపెక్టిన్‌కి సుమారు 25 గ్లూకోజ్‌లకొకటి చొప్పున కొమ్మలుంటాయి, కొమ్మ మొదట్లో ముడి ఆరో కార్బన్ మీద పడుతుంది. ఎమైలోజ్ పాలు ఎక్కువైతే అన్నం పొడిపొడిగా వస్తుంది, తగ్గితే ముద్దవుతుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో తయారై 1982లో విడుదలైన స్వర్ణ వరి రకం, అంటే ఎంటీయూ 7029లో ఎమైలోజ్ పాతిక శాతం దరిదాపు.

ఎమైలోజ్ పనితనం కళ్లారా చూడాలంటే ఆత్రేయపురం పూతరేకు చూడాలి. జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి లాగుతారు. 70 డిగ్రీలు దాటగానే పిండి రేణువులు నీరు పీల్చి పగులుతాయి, ఎమైలోజ్ బయటికొస్తుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ కొమ్మల్లేని ఆ గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో అతుక్కుంటాయి. అదే రేకు. కొమ్మలున్న ఎమైలోపెక్టిన్ ఇంత దగ్గరగా ఒదగలేదు కాబట్టి ముద్దయ్యే బియ్యంతో గట్టి రేకు రాదు. పిండి చిక్కబడితే రేకు మందంగా వస్తుంది. కుండ చాలినంత కాగకపోతే పొర ఆరక అంటుకుపోతుంది. బాగా ఆరిన రేకు ముట్టుకుంటే పెళపెళా విరుగుతుంది. మడిచే ముందు తడిగుడ్డతో అద్దితే నీటి అణువులు గొలుసుల మధ్య దూరి వాటిని జరగనిస్తాయి. తడి ఎక్కువైతే రేకు కరిగి చిరుగుతుంది.

అన్నం చల్లారినప్పుడూ గొలుసులు ఇలాగే మళ్లీ చేరతాయి. మళ్లీ వేడిచేస్తే ఎమైలోపెక్టిన్ కట్టు విడిపోయి అన్నం మెత్తబడుతుంది గానీ, ఎమైలోజ్ కట్టు విడాలంటే 100 డిగ్రీలు దాటాలి. అందుకే ఆ కొంత భాగం అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి సూక్ష్మజీవులకు మేత అవుతుంది. ఈ తేడా చిన్నదే, షుగర్ ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని ఒక ముద్ద ఎక్కువ తినకూడదు. వండిన అన్నాన్ని గంటలకొద్దీ బయట వదిలేయడమూ ప్రమాదమే: ఉడికినా చావని బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

మన కాలేయంలో, కండరాల్లో గ్లూకోజ్ నిల్వగా ఉండే గ్లైకోజెన్‌దీ ఆల్ఫా ముడే. కొమ్మలు 8 నుంచి 12 గ్లూకోజ్‌లకొకటి. కొసలు ఎక్కువ కాబట్టి అవసరమైనప్పుడు ఒకేసారి చాలాచోట్ల నుంచి గ్లూకోజ్ ఊడివస్తుంది.

బీటా ముడితో ప్రతి గ్లూకోజూ పక్కదానికి తలకిందులుగా నిలుస్తుంది. గొలుసు బాణంలా తిన్నగా సాగి, పక్క గొలుసులతో కట్టలు కట్టుకుంటుంది. భీమవరం చెరువుల్లో రొయ్య విడిచే పెంకులోని కైటిన్‌దీ ఇదే ముడి. దాని గ్లూకోజ్‌కి నత్రజని ఉన్న గుంపు అదనం.

సెల్యులోజ్‌ని కోసే ఎంజైమ్ పశువు తయారు చేసుకోదు, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. వరిగడ్డిని గట్టిపరిచే లిగ్నిన్, సిలికా అనే పదార్థాలు వాటికి అడ్డం. అందుకే యూరియా మాగవేత: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా లిగ్నిన్‌ కట్టు సడలిస్తుంది, నత్రజనీ చేరుస్తుంది. కప్పు సరిగా లేకపోతే అమ్మోనియా ఎగిరిపోయి గడ్డి బూజు పడుతుంది. యూరియా గడ్డలు మిగిలితే పశువుకి విషం. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టకూడదు, వాటి పెద్దపొట్ట ఇంకా పనికి సిద్ధమై ఉండదు.