మాయ్, మాయ్: చైనా బేరంలో మాట, లెక్క, రాత

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో యాత్రికులు కొనుక్కునే పూసల దండలు, గాజులు, కీచైన్లు, జడ క్లిప్పులు అమ్మే దుకాణాలకు సరుకు వేయడం నా వృత్తి. చాలా ఏళ్ళు ఆ సరుకును చెన్నై ప్యారిస్ కార్నర్‌లోని టోకు వర్తకుల దగ్గరే కొన్నాను. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలుసు కాబట్టి, మధ్యవర్తుల లాభం మిగుల్చుకోవాలన్న ఆశతో 2018 అక్టోబరులో మొదటిసారి హాంకాంగ్ మీదుగా చైనా వెళ్ళాను. భాష రాదన్న భయం ఉండేది గాని, లెక్కలు వచ్చు కదా, వ్యాపారానికి అవి చాలవా అనుకున్నాను. నా పొరపాటు సరిగ్గా ఆ లెక్కల్లోనే జరిగింది.

గ్వాంగ్‌జౌలో 1957 నుంచి ఏటా వసంతకాలంలో ఒకసారి, శరత్కాలంలో ఒకసారి జరిగే వర్తక ప్రదర్శన కాంటన్ ఫెయిర్‌లో భాష పెద్ద అడ్డంకి కాదు. అక్కడ అంగడి పెట్టే కంపెనీలు ఇంగ్లీషు తెలిసిన అమ్మాయినో అబ్బాయినో ముందు కూర్చోబెడతాయి. చిల్లర సరుకుకు పుట్టిల్లయిన యీవూ పట్టణంలో పరిస్థితి వేరు. జెజియాంగ్ రాష్ట్రంలోని ఆ ఊరి టోకు బజారులో దుకాణాలు పదివేల లెక్కలో ఉంటాయి. ఒక్కొక్క అంతస్తు ఒక్కొక్క సరుకుది, నడిచేకొద్దీ తరగదు. అక్కడ అరబ్బులూ, ఆఫ్రికా వర్తకులూ, మన దేశంవాళ్ళూ తిరుగుతూనే ఉంటారు. దుకాణదారు మాత్రం చాలాచోట్ల చైనీసు తప్ప మరో మాట ఎరుగదు. మన వీధుల్లో ముక్కూ మొహం తెలియనివారిని కూడా 'సామీ' అని పిలిచినట్టు ఆమె వచ్చినవారినందరినీ 'లావ్‌పాన్' అంటుంది. షావుకారు అని అర్థం. తరువాత క్యాలిక్యులేటర్ మీద ధర నొక్కి చూపిస్తుంది, మనం తగ్గించి నొక్కుతాము, బేరం అలా నడుస్తుంది.

గాజు పూసలకు ఆమె 18 నొక్కి 'చిన్' అంది. తూకానికి అమ్మే సరుకు కాబట్టి ఆ మాటను కిలో అనుకుని 500 కావాలన్నాను. 9,000 యువాన్ల లెక్కకు ఇద్దరమూ తల ఊపాము. ఆ పూసలు మరికొన్ని సరుకులతో కలిసి ఒకే కంటైనరులో వచ్చాయి. కాగితాల మీద బరువు మొత్తంగానే ఉండటంతో నాకు అనుమానం రాలేదు. చెన్నై రేవులో దిగి తిరుపతి గోదాముకు చేరాక తూకం వేస్తే పూసలు 250 కిలోలే ఉన్నాయి. మోసపోయానని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. చైనీసు తెలిసిన ఒకాయన ఆ బిల్లు చూసి, ఇందులో ఏ మోసమూ లేదని చెప్పాక అసలు సంగతి బోధపడింది. చైనాలో రోజువారీ తూకానికి చిన్ అంటే 500 గ్రాములు, అంటే మన అరకిలో. కిలోను వాళ్ళు కుంగ్‌చిన్ అంటారు. ఆమె చెప్పిందీ, రాసిందీ, పంపిందీ అక్షరాలా ఒకటే. నేనే ఒక మాటకు నాకు తెలిసిన అర్థాన్ని తగిలించుకున్నాను.

అప్పటి నుంచి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. చైనావారితో వ్యాపారంలో తెలియని మాట వల్ల నష్టం రాదు, ఎందుకంటే తెలియదని తెలిసినచోట మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిందనుకున్న మాటే నష్టం తెస్తుంది. ఇరువైపులా తల ఊపి, చేతులు కలిపి, వేరువేరు అర్థాలతో ఇంటికి వెళ్ళిపోతాము.

ఇలాంటి మాటల్లో తగ్గింపు మాట మరీ ప్రమాదకరమైనది. వాళ్ళు 'పా చ' అంటే, మాటకు మాట అనువదించే ఫోను యాప్ చూపే ఎనిమిది అంకెను మనం ఎనిమిది శాతం తగ్గింపు అనుకుంటాము. ఆ మాటకు పదింట ఎనిమిది వంతులు చెల్లించమని అర్థం. అంటే తగ్గేది 20 శాతం. మనం చెల్లించాల్సిన వంతును వాళ్ళు చెబుతుంటే, మనం తగ్గే వంతును వింటాము. పెద్ద అంకెలదీ ఇదే తీరు. మనం వేలు దాటగానే లక్షకు వెళ్తాము, వాళ్ళు పదివేలకే ఒక కొత్త మెట్టు వేసి దానిని 'వాన్' అంటారు. మన పాత లెక్కల్లో అయుతం అన్నది సరిగ్గా అదే. మన లక్ష వాళ్ళకు పది వాన్‌లు, మన పది కోట్లు వాళ్ళకు ఒక 'యీ'. చైనీసులో ఇరవై వాన్‌లు అనుకున్న అంకె తొందరలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇరవై వేలుగా మారిపోవడం నా ముందే జరిగింది. మధ్యలో ఇంగ్లీషువారి మిలియన్ కూడా చేరితే మూడు లెక్కలు ఒకదానిమీద ఒకటి పడతాయి. నోటితో ఒప్పుకున్న ఏ అంకెనైనా సున్నాలతో సహా కాగితం మీద రాయించుకోవాలని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. చేతివేళ్ళ లెక్క కూడా మనది కాదు. బొటనవేలూ చూపుడువేలూ చాచి చూపితే మనం రెండు అనుకుంటాము, వాళ్ళకు అది ఎనిమిది. బొటనవేలూ చిటికెనవేలూ చాచితే ఆరు.

స్వరాల సంగతి విడిగా చెప్పాలి. చైనీసులో ఒకే ధ్వనిని నాలుగు రకాల స్వరాలలో పలికితే నాలుగు వేరువేరు మాటలవుతాయి. వర్తకుడికి అన్నిటికన్నా ముఖ్యమైన రెండు మాటలు, కొనడమూ అమ్మడమూ, రెండూ 'మాయ్' అన్న ధ్వనే. స్వరం దిగి పైకి లేస్తే కొనడం, పైనుంచి నిట్టనిలువుగా దిగితే అమ్మడం. రాతలో కూడా కొనడం అన్న అక్షరం నెత్తిన కూడిక గుర్తు లాంటి చిన్న గీత పెడితే అమ్మడం అవుతుంది. మన చెవికి ఈ తేడా వెంటనే అందదు. తెలుగువారికి ఒక సౌలభ్యం మాత్రం ఉంది, దానిని ఇంతవరకు ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇంగ్లీషు అక్షరాలలో బి, పి అని రాసే చైనీసు ధ్వనులు నిజానికి మన ప, ఫ లాంటి అల్పప్రాణ మహాప్రాణాల జంట. డి, టి అని రాసేవి త, థ లకు దగ్గర. ఒత్తక్షరాలు ఉన్న మన లిపిలో రాసుకుని నేర్చుకుంటే ఇంగ్లీషు స్పెల్లింగు చూసి నేర్చుకున్న దానికన్నా పలుకు శుద్ధంగా వస్తుంది. నేను ఎనిమిదిని 'బా' అని కాక 'పా' అని రాసుకున్నది అందుకే.

ఫోను ఉంటే చాలదా అని మా అల్లుడు నన్ను అడుగుతుంటాడు. 'మామా, ఇప్పుడు అన్నీ యాప్‌లు చేస్తాయి కదా' అంటాడు. యాప్ అవసరమే, నేనూ వాడతాను. అయితే గూగుల్ సేవలూ వాట్సాప్ చైనా గడ్డ మీద మామూలుగా పనిచేయవు, కాబట్టి ఇంటర్నెట్ లేకుండా పనిచేసే అనువాదాన్ని ఇక్కడే ఫోనులో దింపుకుని వెళ్ళాలి. అక్కడి వర్తకులందరూ వాడే సందేశాల యాప్ వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. ఆ ఒక్కరోజుతో నా పాత పరిచయాలు సగం తెగిపోయాయి. మిగిలినవి ఈమెయిలు మీద నిలబడ్డాయి. ఈమెయిలు నెమ్మదే అయినా, చివరికి అదే మేలయింది. రాసిన మాట మిగులుతుంది, దానిని తీరిగ్గా ఇద్దరికి చూపి అర్థం తెలుసుకోవచ్చు. యాప్‌కు అందనివి కొన్ని ఉంటాయి. 'ఛాపుతువో' అంటే ఇంచుమించు అంతే, పెద్ద తేడా లేదు అని అర్థం. రంగు నమూనాలో ఉన్నట్టే వస్తుందా అని అడిగినప్పుడు ఈ మాట వినిపిస్తే, అది ఔను కాదని గ్రహించి అక్కడే నమూనాను రెండు ముక్కలు చేసి, చెరొక ముక్క మీద సంతకాలు పెట్టించుకోవాలి.

దుబాసీని పెట్టుకోవడం గురించి నా మాట ఖరాకండిగా ఉంటుంది. దుకాణదారు చూపించిన మనిషిని గాని, అమ్మకంపై కమీషన్ తీసుకునే మనిషిని గాని దుబాసీగా పెట్టుకోకూడదు. రోజు కూలి మనం ఇచ్చి, మన తరఫున మాత్రమే మాట్లాడే మనిషి కావాలి. ఆ కూలి దండగ అనుకున్న మొదటి ప్రయాణంలో నేను పోగొట్టుకున్నది అంతకు ఎన్నో రెట్లు.

రాతకోతల్లో మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది కంపెనీ పేరు దగ్గర. చైనా కంపెనీకి ఇంగ్లీషు పేరు బోర్డు కోసం పెట్టుకున్నదే, చట్టం గుర్తించేది చైనీసు అక్షరాలలో నమోదైన పేరును. లైసెన్సు మీద ఆ పేరుతోపాటు 18 అంకెలూ అక్షరాలూ గల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒప్పందం మీదా, ఎర్రని గుండ్రటి ముద్ర మీదా, డబ్బు పంపే బ్యాంకు ఖాతా మీదా ఆ పేరు ఒక్కటిగా ఉండాలి. సంతకం కన్నా ఆ ముద్రకే అక్కడ విలువ ఎక్కువ. ఒప్పందాన్ని రెండు భాషల్లో రాసి, తేడా వస్తే ఏ భాషలోనిది చెల్లుతుందో అందులోనే పేర్కొనాలి. సాధారణంగా 30 శాతం ముందుగా, మిగతా 70 శాతం ఓడకు ఎక్కించే ముందు అడుగుతారు. ఆ రెండో విడతకు ముందే మన మనిషి వెళ్ళి సరుకు చూడాలి.

మోటుపల్లి రేవులో 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం నాకు తరచూ గుర్తుకొస్తుంది. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు సొంతం చేసుకునే ఆచారాన్ని మానుకుని, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని పరదేశ వర్తకులకు ఆయన రాతి మీద రాసి ఇచ్చాడు. భాష తెలియని చోటికి సరుకుతో వచ్చేవాడికి రాతే అభయం. చీనిచీనాంబరాలు అన్న మాటా, మన సీమలో బత్తాయిని పిలిచే చీనీకాయ అన్న పేరూ వింటున్నప్పుడు ఆ రాకపోకలు ఎంత పాతవో తెలుస్తుంది.

ఇంతవరకు దిగుమతి గురించే రాశాను గాని, నా మనసులోని బాధ ఎగుమతి గురించి. చైనాకు కావలసిన సరుకు మన దగ్గర ఉంది, దానిని నేరుగా అమ్మే నోరే మన దగ్గర లేదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. హెనాన్ రాష్ట్రంలోని షూచాంగ్ నగరం విగ్గుల తయారీకి ప్రపంచంలోనే పేరుపొందినది, మన దేశపు వెంట్రుకలకు అక్కడ గిరాకీ ఉంది. ముడి వెంట్రుకలు తక్కువ ధర చూపి సరిహద్దుల మీదుగా తరలిపోతున్నాయని తయారీదారులు మొరపెట్టుకున్నాక, కేంద్రం 2022 జనవరిలో వాటి ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. కాబట్టి అవకాశం ముడి సరుకులో కాదు, శుద్ధి చేసి, కుదుళ్ళన్నీ ఒక వైపు, కొసలన్నీ మరో వైపు ఉండేలా కట్టలు కట్టిన సరుకులో, తయారైన విగ్గుల్లో ఉంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు పరిశ్రమ సంగతీ అంతే. మనవాళ్ళు బెంగళూర అని పిలిచే తోతాపురి గుజ్జు ఎక్కువగా గల్ఫ్‌కూ ఐరోపాకూ పోతుంది. చైనాకు ఆహారం పంపే విదేశీ కర్మాగారాలు అక్కడి కస్టమ్స్ శాఖలో నమోదు కావాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. చిల్లర ప్యాకెట్ల మీద చైనీసు లేబులు తప్పనిసరి. ఈ కాగితాలను చదివి పూరించగల మనిషి జిల్లాలో ఉంటే ఒక దారి తెరుచుకుంటుంది. కుప్పం గ్రానైటు గురించి నాకు అనుభవం లేదు కాబట్టి రాయను. ఎర్రచందనం జోలికి మాత్రం ఎవరూ వెళ్ళవద్దు. శేషాచలం దుంగకు చైనాలో ఎంత ధర పలికినా, ప్రభుత్వం వేలం వేసిన సరుకు తప్ప మిగిలినదంతా దొంగ సరుకే. అందులో మన పిల్లలు ఎందరో జైలుపాలయ్యారు.

కొత్తగా దిగేవారు కేంద్రప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వద్ద 500 రూపాయల రుసుముతో, ఎగుమతి దిగుమతులకు కావలసిన ఐఈసీ నంబరు తీసుకోవచ్చు, అది కష్టమైన పని కాదు. ఏ సరుకు తేవచ్చో ముందుగా తెలుసుకోవడమే కష్టం. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు తప్పనిసరి అయ్యాక నేను వాటిని తేవడం మానేశాను. చైనా కొత్త సంవత్సరం జనవరి చివరి వారాలకూ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య ఎప్పుడో వస్తుంది. అప్పుడు పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు కాబట్టి, వేసవి సెలవుల రద్దీకి కావలసిన సరుకును నేను నవంబరులోనే చెప్పేస్తాను.

మా అన్న కూతురు డిగ్రీ చదువుతూ ఇంటి దగ్గరే చైనీసు నేర్చుకుంటోంది. చైనీసు భాషా ప్రావీణ్యాన్ని కొలిచే హెచ్ఎస్‌కే పరీక్షలో రెండో స్థాయి దాటింది, హైదరాబాదులోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చేరాలని ఆశ. మన ప్రాంతంలో ఈ చదువుకు పని దొరుకుతుందా అని మా వదిన దిగులుపడితే, ఏర్పేడు దగ్గర వికృతమాలలో చైనా కంపెనీ టీసీఎల్ టీవీ తెరల కర్మాగారం వచ్చిన రోజుల్లో ఆ దిగులు అక్కర్లేదని చెప్పాను. పోయిన వారం యీవూ నుంచి కొత్త ధరల పట్టిక వచ్చింది. నేను అంకెలు చూస్తుండగా ఆ పిల్ల పట్టికను తన వైపు తిప్పుకుని, పూసల వరుసలో ధర పక్కన ఉన్న ఒక అక్షరం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టింది. 'చిన్నాన్నా, ఈ అక్షరం పూర్వం గొడ్డలి బొమ్మ. ఇది చిన్. మిగతా వరుసల్లో కుంగ్‌చిన్ ఉంది, ఈ ఒక్క వరుసలోనే చిన్ ఉంది' అంది. ఆ ఒక్క వరుస ధరను కిలోలలోకి మార్చి మళ్ళీ పంపమని తనచేతే చైనీసులో జవాబు రాయించాను.