మంచం ఉన్న ఓమ్ని

ఆదివారం.

మంచం ఉన్నందుకు బండి రేటు రెండు వేలు తగ్గుతుందట! పొద్దున్నే వచ్చిన బ్రోకరు లెక్క ఇది. "దాన్ని పీకించాలి, కింద ఫ్లోరు చూడాలి, సీటు మళ్లీ బిగించాలి. లేబర్ ఎవడిస్తాడు సార్?" అన్నాడు. ఎనభై ఐదు వేలకి మించి ఒక్క రూపాయి రాదన్నాడు. కాఫీ ఇచ్చి పంపించేశాను. అతన్ని అనడానికేమీ లేదు. అతనికి అది 2009 మారుతి ఓమ్ని వ్యాను, ఫైవ్ సీటర్, పెట్రోలు, ఫస్ట్ ఓనరు, అంతే. ఊళ్లు తిరుగుతూ రాత్రిళ్లు అందులోనే పడుకోవడానికి వెనకాల నేను చేసిన పనంతా అతనికి అడ్డం.

బండి అమ్మేద్దామని సంక్రాంతి తరవాత అనుకున్నాం. కారణాలు పెద్దవేం కావు. అత్తయ్య గారు మా దగ్గరికి వచ్చేశాక ఆవిడని వదిలి రాత్రిళ్లు బయట ఉండలేం. అమ్మాయికి ఇప్పుడు మాతో రావడం కన్నా స్నేహితులతో వెళ్లడం ఇష్టం. బండి షెడ్డులో నిలబడిపోతోంది. నిలబడ్డ బండికి విశాఖ గాలి అసలు పడదు. తలుపుల కింది అంచుల్లో ఉప్పగాలి చేరిందంటే, పైన రంగు బాగానే ఉన్నా లోపల తుప్పు దాని పని అది చేసుకుపోతుంది. రెండు స్లైడింగ్ డోర్లకీ ఒకసారి టింకరింగ్ చేయించాను. వచ్చిన ప్రతివాడికీ ముందు అదే చూపిస్తున్నాను. వాళ్లే వెతికి పట్టుకుంటే ఆ తరవాత మనం చెప్పేది ఏదీ నమ్మరు.

బ్రోకరు వెళ్లాక కాసేపు వెనక డోరు ఎత్తి మంచం మీద కూర్చున్నాను. బండి మొత్తం పొడవే 3370 మిల్లీమీటర్లు. ముందు సీట్లు, వాటి కింద ఉన్న ఇంజను పోగా మిగిలేది ఒక చిన్న వంటింటి గట్టంత. అందులో ఇద్దరు పడుకోవాలంటే పొడుగు మనిషి మూలగా సర్దుకోవాలి. మా ఇంట్లో పొడుగు మనిషిని నేనే. మంచం మూడు ముక్కలు, 12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లై. పగలు మడిస్తే బెంచీ, కింద సామాన్ల పెట్టె. ఫ్లోరుకి కొత్తగా ఒక్క కన్నం కూడా పెట్టలేదు, వెనక సీటు బోల్టులు ఉన్న కన్నాల్లోనే ఫ్రేము బిగించాను. కన్నం పెడితే తుప్పుకి దారి ఇచ్చినట్టే. పైగా కావాలనుకున్నప్పుడు మంచం తీసి సీటు వేసేయొచ్చు. ఆ సీటు ఇప్పటికీ మా అటక మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది.

2024లో పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు అదే ఉపయోగపడింది. సీటు కిందికి దింపి, మంచం విప్పి, ఫైవ్ సీటర్‌ని ఫైవ్ సీటర్‌లాగే చూపించాను. ఫీజు ఐదు వేలు. 2029 దాకా కాగితాలకి ఢోకా లేదు. ఇంటికొచ్చి ఆ రాత్రే మంచం మళ్లీ బిగించుకున్నాను.

పదకొండింటికి హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి ఫోన్. వీడియోలు చూసి చూసి ఉన్నట్టున్నాడు. షవర్ ఉందా, ఏసీ ఉందా, పైకప్పు కోసి పైకి లేచే టాప్ పెట్టించుకోవచ్చా అని వరసగా అడిగాడు. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుందని, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పిందని వివరించాను. "మరి మీరు చేశారుగా అంకుల్?" అన్నాడు. నాది విప్పితే వచ్చేసే చెక్కపని బాబూ, కప్పు కోస్తే మళ్లీ అతకదు అన్నాను. ఆలోచించుకుని చెబుతానన్నాడు. మళ్లీ చెయ్యడు, నాకు తెలుసు. అతనికి కావలసింది వేరే బండి, ఓమ్నిని ఊరికే మెచ్చుకున్నాడు.

అసలు ఈ బండి చరిత్రలో క్యాంపింగ్ ఎక్కడా లేదు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 1988లో ఓమ్ని అయ్యి, 2019లో ఆగిపోయేదాకా పాలు మోసింది, పేపర్లు మోసింది, బడి పిల్లల్ని మోసింది, అంబులెన్స్ అయ్యింది. సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోయింది కూడా ఇదే. కర్టెన్లు వేసుకుని రాత్రిపూట రోడ్డు పక్కన ఆగితే పోలీసులు టార్చి వేసి చూడటంలో వింతేముంది? లోపల పెసరట్టు తింటున్న అత్తగారు కనబడితే వాళ్లకే మొహమాటం.

సాయంత్రం నాలుగింటికి శృంగవరపుకోట నుంచి ఒకాయన, ఆయన కొడుకు వచ్చారు. ఆయన రెడీమేడ్ బట్టల వ్యాపారి. అరకు, పాడేరు, హుకుంపేట, ముంచంగిపుట్టు, ఇలా ఏజెన్సీ సంతలన్నీ తిరుగుతాడు. ఇన్నాళ్లూ నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని వెళ్లేవాళ్లట. సంతకి ముందు రాత్రే చేరి, ఎవరి అరుగు మీదో టార్పాలిన్ పరుచుకుని సరుక్కి కాపలాగా పడుకోవడం.

కొడుకు ఇంజను చూస్తానన్నాడు. డ్రైవరు సీటు ఎత్తి చూపించాను. ఘాట్‌లో లోడుతో ఎక్కితే సీటు కింద వేడి తెలుస్తుందని, ఇది 796 సీసీ బండి కాబట్టి అనంతగిరి మలుపుల్లో తొందరపెట్టకుండా కింది గేర్లో ఎక్కించాలని, రేడియేటర్లో నీళ్లు పొద్దున్నే చూసుకోవాలని చెప్పాను. తండ్రి ఇవేవీ వినలేదు. వెనక డోరు ఎత్తి, "ఏటి బాబూ, మంచమా?" అన్నాడు. చెప్పులు విప్పి ఎక్కి పడుకున్నాడు. కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. కొడుక్కి సిగ్గేసినట్టుంది, "నాన్నా, లెగు" అన్నాడు.

"కాళ్లు ఆనతన్నాయి గానీ ఫర్లేదు," అని లేచి, మంచం పలకలు ఎత్తి పెట్టె లోతు మూరతో కొలిచాడు. ఎన్ని బేళ్లు పడతాయో నోట్లోనే లెక్క వేసుకున్నాడు. తరవాత అడిగిన ప్రశ్నకి మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. "ఫేను రాత్రంతా తిరుగుతాదా? పొద్దున్న బండి స్టార్టవకపోతే ఎలాగ?"

ఇన్ని రోజుల్లో ఒక్కరూ ఇది అడగలేదు. ఫ్యానుకి వేరే బ్యాటరీ ఉంది, 40 ఏహెచ్. ఫ్యాను పదిహేను వాట్లే కాబట్టి రాత్రంతా తిరిగినా పావు వంతే ఖర్చవుతుంది. ఇంజను ఆపగానే రిలే అనే ఆటోమేటిక్ స్విచ్చు రెండు బ్యాటరీలనీ విడదీసేస్తుంది, అందుకే స్టార్టింగ్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆయనకి రిలే అంటే ఏమిటో తెలియదు. కానీ ఇంజను ఆపి, ఫ్యాను వేసి, మళ్లీ తాళం తిప్పి చూపిస్తే అర్థమైపోయింది. గ్యాస్ గురించి కూడా గట్టిగా చెప్పాను. ఐదు కేజీల సిలిండరు పెట్టె అడుగున ఉన్న కన్నాలు మూయకూడదు, గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి లీకైతే కిందికే దిగుతుంది. వంట మాత్రం బయటే, ఎత్తిన డోరు కింద. ముసురు పట్టినా సరే, తలుపులన్నీ బిగించుకుని స్టవ్ వెలిగించకూడదు. వ్యాపారానికి తెల్ల నంబరు ప్లేటు, అంటే సొంత వాడకం బండి వాడితే ఇబ్బంది రావచ్చని కూడా అన్నాను. "కిరాయికి కాదు కదా, నా సరుకే," అన్నాడు. ఆ వాదన చెక్‌పోస్టు దగ్గర ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

బేరం చాలాసేపు నడిచింది. నేను లక్షా పది అన్నాను. ఆయన తొంభై దగ్గర మొదలుపెట్టాడు. కర్టెన్లు వద్దు, తీసేసి ఓ వెయ్యి తగ్గించమన్నాడు. అటక మీది సీటు మాత్రం కావాలన్నాడు, 2029 మాట గుర్తుపెట్టుకున్నట్టున్నాడు. తొంభై ఎనిమిదికి తెగింది. ఐదు వేలు అడ్వాన్సు, ఐదువందల నోట్లు, రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

బండి ఈ రాత్రికే పట్టుకెళతానన్నాడు కొడుకు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "పేరు మారాకే తాళం, బాబూ. ఆర్సీలో ఎవరి పేరుంటే ఏం జరిగినా వాళ్లనే అడుగుతారు," అంది. అన్నీ వింటూనే ఉందన్నమాట. పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద సంతకాలకి మంగళవారం రమ్మన్నాను. ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లోపు ఆయన పేరుకి మార్చుకోవాలని కాగితం మీద రాసి ఇచ్చాను.

వెళ్లబోతూ ఆయన సామాన్ల పెట్టెలోంచి ఇనప పెనం తీసి, ఇది కూడా బండితోనేనా అన్నాడు. మా ఆవిడ చేతిలోంచి తీసేసుకుంది. రెండొందలు ఇస్తానన్నాడు. అది బేరంలో లేదంది.

రాత్రి భోజనాలయ్యాక టార్చి, మార్కరు పట్టుకుని బండిలో కూర్చున్నాను. స్విచ్చులకి పేర్లు రాయాలి. ఏది ఫ్యానో, ఏది లైటో, ఏది దేనికీ కలపకుండా వదిలేశానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మూడోదాని కింద 'ఉత్తది' అని రాశాను. ఫ్యూజులు నాలుగు స్పేరు కొని డాష్‌బోర్డు అరలో పెట్టాలి, రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు. మంగళవారానికి సెలవు చీటీ కూడా.