మూడు గంటలు, మూడు ఉల్కలు

2023లో దీపావళి నవంబర్ 12న వచ్చింది. ఏటా వృషభ రాశి వైపు నుంచి వచ్చే ఉత్తర వృషభ ఉల్కలు ఎక్కువగా రాలిపడేదీ ఆ తేదీ చుట్టుపక్కలే. పైగా అమావాస్య. ఇంతకంటే ముహూర్తం ఏముంటుందని, అనంతపురంలో పిల్లలతో నాలుగు కాకరపువ్వొత్తులు కాల్చేసి, ఉరవకొండ దగ్గర మా నాయన చేనికి చేరాను. టపాకాయల పొగ సంగతి మాత్రం మరిచాను. పదకొండు దాటేదాకా ఊరి వైపు ఆకాశం సాంబ్రాణి పొగ వేసినట్టే ఉంది.

నిజానికి ఇది నలుగురిని పిలిచి చూపించదగ్గ ఉల్కాపాతం కాదు. కటిక చీకటి ఉండి, ఉల్కలు బయలుదేరే చోటు సరిగ్గా నడినెత్తిన ఉంటే గంటకు ఐదు. అదీ కాగితం మీది లెక్క. డిసెంబరులో మిథున రాశి ఉల్కలకైతే వందకు పైగా చెబుతారు, జనమూ వస్తారు. వీటికి నేనూ, నాయనా, అడవి పందులను బెదరగొట్టడానికి ఆయన పెట్టుకున్న రేకు డబ్బా.

నులకమంచం మీద వెల్లకిలా పడుకున్నాను. టపాకాయల పెట్టెకు చుట్టిన ఎర్ర కాగితాన్ని టార్చి మొహానికి కట్టాను. తెల్ల వెలుగు ఒక్కసారి కంట్లో పడితే, చూపు చీకటికి అలవాటు పడ్డ అరగంటా వృథా. మా మిద్దె మీది నుంచి కృత్తికల్లో మూడో నాలుగో కనిపిస్తాయి. ఇక్కడ ఆరుగురు తల్లులూ ఉన్నారు. ఈ ఉల్కలు బయలుదేరేదీ ఆ పక్క నుంచే.

మొదటి గంట సున్న. రెండు రాలాయి గానీ, వాటి దారిని వెనక్కి పొడిగిస్తే ఒక్కటీ కృత్తికల వైపు పోలేదు. అవి దారిన పోయేవి, నా లెక్కల పుస్తకంలో వాటి గడి వేరు. సున్నను కూడా రాసి తీరాలి. వాన పడ్డ రోజులే లెక్కేసి సగటు తీస్తే మా జిల్లా కూడా కోనసీమే అవుతుంది.

12.50కి వచ్చింది అసలైనది. నారింజ రంగు. కృత్తికల దగ్గర మొదలై, రోహిణి పక్కగా మృగశిర వైపు జారింది. సింహరాశి ఉల్కలు సెకనుకు 71 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తాయి, ఇవి 29. ఎద్దుబండి నడక! "అదిగో చూడు నాయనా" అని మాట పూర్తి చేసేదాకా ఉంది. 3.3 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టే ఎంకే తోకచుక్క బంధువర్గం ఇదంతా.

పక్కనే వజ్రకరూరు. తొలకరికి జనం తల వంచుకుని చేలల్లో వజ్రాలు వెతుకుతారు. "నువ్వు తల ఎత్తి వెతుకుతున్నావు, అంతే తేడా" అన్నాడు నాయన. అంతకు ముందే ఊరి మీద పేలిన రాకెట్టును కూడా రాసుకోమన్న మనిషి.

రెండో గంటలో రెండు, మూడో గంటలో ఒకటి. ఆ ఒక్కటీ రాసుకోవడానికి తల వంచానో లేదో, "పాపా, పెద్దది!" అని కేక. తలెత్తేసరికి ఏమీ లేదు.

"నేను చూసిందే రాయాలి నాయనా."

"మరి నేను చూసింది ఏమైనట్టు?"

పక్క పేజీ తిప్పి కొత్త గడి గీశాను. నాయన: 1. దిశ: మోటారు గది వైపు.