సంతకం పెట్టాల్సింది ఎవరు?

"ఇక్కడొకటి, కింద ఇంకొకటి" అంటూ సిస్టర్ పెన్ను నా చేతికిచ్చింది. రేపు అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. అమ్మేమో పక్కనే మంచం మీద కళ్లజోడు పెట్టుకుని పేపర్ చదువుకుంటోంది!

"సంతకం ఆవిడది కదండీ కావాలి?" అన్నాను. "పెద్దావిడకి ఎందుకండీ టెన్షన్, అటెండెంట్ పెడితే చాలు" అంది.

ఆపరేషన్‌కి ఒప్పుకోలు ఫారం అది. అందులో రిస్కుల దగ్గర గీత ఖాళీగా ఉంది. డాక్టరుగారు వచ్చి అమ్మకే చెప్పారు. చిన్న రంధ్రాలతోనే చేస్తాం, లోపల కష్టమైతే పొట్ట కోయాల్సి రావచ్చు అని. "అది కూడా రాయండి" అంది అమ్మ. రాశాకే సంతకం పెట్టింది.

ఇలాంటిదే ఒక ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. లోపల ఏముందో లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి, చూడటానికి ఒప్పుకున్న ఒకావిడకి, మత్తులో ఉండగానే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. బయటున్న తల్లిని అడిగారట! ప్రాణం మీదకి వచ్చినప్పుడు వేరు, అలాంటిదేమీ లేనప్పుడు ఆవిడకి తెలివి వచ్చేదాకా ఆగాల్సిందే, తల్లి ఒప్పుకోలు చెల్లదు అంది కోర్టు. పరీక్షకి ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి పనికిరాదనీ చెప్పింది.

పరిహారం మాత్రం 25,000 రూపాయలు, పైగా ఆపరేషన్ ఫీజు రద్దు. డాక్టరుకి దురుద్దేశం లేదని తగ్గించారు. అయినా మరీ ఇంత తక్కువా? నాకైతే మింగుడు పడలేదు.