బెజవాడ అపార్ట్‌మెంట్లో ప్లెక్సీ మోత

హార్డ్ రాక్ టోన్ కావాలనగానే అందరి చెయ్యీ ముందు గరగర పెంచే గెయిన్ నాబ్ మీదికే పోతుంది. తేడా కొట్టేది అక్కడే. ఆ మోత పుట్టించిన, ప్లెక్సీ అని పిలిచే పాత 100 వాట్ల మార్షల్ సూపర్ లీడ్ ఆంప్‌కి అసలు గెయిన్ నాబే లేదు. వాల్యూమ్ పెంచుకుంటూ పోతే చివర్లో ఉన్న ఈఎల్34 ట్యూబులు మోయలేక సిగ్నల్‌ని నలిపేస్తాయి, ఆ గరగర అదే. అందుకే తీగని గట్టిగా కొడితే గర్జిస్తుంది, మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది.

పటమటలో మూడో అంతస్తులో ఆ వాల్యూమ్ పెడితే అసోసియేషన్ ప్రెసిడెంటు తలుపు తడతాడు కాబట్టి గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్ ఆంప్ చాలు. గిటార్‌ని ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. లైన్ ఇన్‌పుట్‌లో పెడితే తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్ మీద లోడ్ పడి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఎంత గట్టిగా వాయించినా మీటర్ మైనస్ 10 డీబీ దాటకుండా చూసుకోండి. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ 128 శాంపిళ్లు ఉంటే, మీటడానికీ వినపడడానికీ మధ్య ఆలస్యం పెద్దగా తెలీదు.

గిటార్‌లో బ్రిడ్జ్ హంబకర్, అంటే బ్రిడ్జ్ పక్కనుండే రెండు కాయిల్స్ పికప్, వాడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి చూస్తే పికప్‌కీ తీగకీ మధ్య సుమారు 2 మిల్లీమీటర్లు ఉండాలి. మరీ దగ్గరైతే బాస్ తీగలు బురదబురదగా మోగుతాయి.

సాఫ్ట్‌వేర్‌లో ప్లెక్సీ మోడల్ తీసుకోండి. పాత ఆంప్‌లో రెండు ఛానెళ్లు ఉండేవి, చిన్న కేబుల్ ముక్కతో రెండిటినీ కలిపేవాళ్లు. హై ట్రెబుల్ వాల్యూమ్ 6, నార్మల్ 3తో మొదలెట్టండి. బాస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 6, ప్రెజెన్స్ 4. మిడ్ తగ్గిస్తే ఒక్కరే వాయించుకునేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. డ్రమ్సూ బేసూ కలిశాయంటే గిటార్ గల్లంతే. క్యాబినెట్‌కి 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ స్పీకర్లున్న 4x12 (నాలుగు 12 అంగుళాల స్పీకర్ల పెట్టె) ఐఆర్, అంటే ఆ పెట్టె ధ్వనిని పట్టిన ఫైలు, వేయండి.

ఇప్పుడు ఓపెన్ డి కార్డ్ ఒక్కసారి కొట్టి వదిలేయండి. నాలుగు తీగలూ విడివిడిగా వినపడాలి. ముద్దయిపోతే ఆంప్ వాల్యూమ్ ఒక గీత తగ్గించి మళ్లీ కొట్టండి. గిటార్ వాల్యూమ్ 6కి దించితే దాదాపు క్లీన్ అవ్వాలి. అవ్వకపోతే ఆంప్ వాల్యూమ్ ఇంకా ఎక్కువే ఉన్నట్టు. సోలోకి ట్యూబ్ స్క్రీమర్ పెడల్ వాడొచ్చు, డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పైకి. అది బాస్ కోసేసి మిడ్స్‌ని ముందుకు తోస్తుంది.

ఇక హమ్. ఎండాకాలం కరెంటు పోయి ఇన్వర్టర్ మీద పడగానే జుయ్‌మని అరిస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుండొచ్చు. ఇంటికి ప్యూర్ సైన్ వేవ్‌ది పెట్టించుకోవడమే మేలు. కరెంటు ఉన్నప్పుడూ హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే, బ్యాటరీ మీదే రికార్డ్ చేసుకోండి. తీగ ముట్టుకుంటే హమ్ ఇంకా పెరుగుతోందా? అప్పుడు గిటార్ లోపల బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు ఊడిందేమో చూడాలి.

రిథమ్‌ని రెండుసార్లు వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెట్టండి. కాపీ పేస్ట్ పనిచేయదు, రెండూ అచ్చంగా ఒకటే కాబట్టి మధ్యలో ఒకే గిటార్ ఇంకాస్త గట్టిగా మోగినట్టుంటుంది. రెండో టేక్‌లో ఆంప్ వాల్యూమ్ ఇంకొంచెం తగ్గించినా ఫరవాలేదు.